కొలతకు తగిన సైకిలు

నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దూరము. ఈ దారి పొడవునను ఉదయవేళ సైకిళ్ళపై బడికి పోవు బాలబాలికలు కనబడుదురు. వారిలో కొందరు నిటారుగా కూర్చుండి అవలీలగా సాగిపోవుదురు. మఱికొందరు సీటుపై అటునిటు ఒరుగుచు, కాలి వ్రేళ్ళతో పెడలును వెదకుకొనుచు, చెమటలు గ్రక్కుచు పోవుదురు. దారి యొక్కటే, ఎండ యొక్కటే. మరి భేదమెక్కడ నున్నది? పలుమారు అది బలములో కాదు, కొలతలో నుండును.

ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధి చెందిన ఊరు. శిల్పి రాతిపై ఉలి మోపుటకు ముందే కొలతలు గీచుకొనును. శిల్పశాస్త్రమున దీనికి తాలమానమని పేరు. తాలమునకు 12 అంగుళములు. ఈ మానమునుబట్టియే విగ్రహమున ఏ అవయవము ఎంత యుండవలెనో నిర్ణయింతురు. రాతి బొమ్మకే ఇంత కొలత కావలసియుండగా, ప్రాణమున్న దేహమును మోయు వాహనమునకు కొలత అక్కరలేదా?

పూర్వము సైకిలును మనిషినిబట్టియే కొనెడివారు. 1870 ప్రాంతమున ఐరోపాలో ముందు చక్రము మిక్కిలి పెద్దదిగా నున్న సైకిళ్ళు వాడుకలోనికి వచ్చెను. పెడళ్ళు ఆ చక్రమునకే అమర్చబడి యుండుటచే, ఎక్కువాని కాలి పొడవునకు తగిన చక్రమునే ఎన్నుకొనవలసి వచ్చెను. 1885లో ఇంగ్లండు దేశీయుడగు జాన్ కెంప్ స్టార్లీ, వెనుక చక్రమును చైనుతో త్రిప్పు 'రోవరు' సైకిలును వెలువరించెను. నేటి సైకిలునకు అదియే మూలరూపము. ఇట్టి సైకిలు ఒక్కటియే, సీటు ఎత్తు మార్చినచో, పలువురకు పనికివచ్చును. కాని ఆ ఎత్తు సరిచూచుకొను భారము ఎక్కువానిపై పడినది.

ఇది ఎట్లు సరిచూచుకొనవలెను? సైకిలును గోడకు ఆనించి సీటుపై కూర్చుండుడు. ఒక పెడలును పూర్తిగా క్రిందికి దించి దానిపై మడమ నుంచుడు. అప్పుడు మోకాలు నిటారుగా నుండవలెను. తరువాత మడమ తీసి, పాదపు ముందుభాగమును పెడలుపై నుంచినచో, మోకాలు కొంచెము వంగును. ఆ కొద్దిపాటి వంపే మనకు కావలసినది.

1967లో హామ్లీ, థామస్ అను పరిశోధకులు ఈ విషయమునే లెక్కతో పరిశీలించిరి. తొడల సంధినుండి నేలవరకు గల కాలి పొడవులో 109 శాతము, క్రిందికి దిగిన పెడలునకును సీటునకును నడుమ ఉండుట అనుకూలమని తెలిపిరి. కాలి పొడవు 70 సెంటీమీటర్లైన, ఆ దూరము 76.3 సెంటీమీటర్లు. ఇది ఆరంభమునకు గుర్తు మాత్రమే. పిమ్మట ఎవరి సుఖమునుబట్టి వారు అర సెంటీమీటరు చొప్పున మార్చుకొనవచ్చును.

సీటు మరీ క్రిందుగా నున్న, మోకాలు అతిగా వంగి ముందుభాగమున నొప్పి పుట్టును. శ్రమయు వృథా యగును. మరీ ఎత్తుగా నున్న, నడుము ఇరువైపులకు ఊగి నొచ్చును. హ్యాండిలు దూరమైన, దేహభారము అరచేతులపై పడి చిటికెనవ్రేలును, దాని ప్రక్క వ్రేలును తిమ్మిరి యెక్కును. సీటు గొట్టముపై నున్న హద్దు గీత దాటునట్లు దానిని పైకి లాగరాదు. లాగినచో గొట్టము విరుగు ప్రమాదము కలదు. క్రొత్తగా నేర్చుకొనువారు మాత్రము పాదములు నేలకు ఆనునట్లు సీటును కొంత దించుకొనుట మేలు.

హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలో కెమెరాలతో కీళ్ళ వంపులను కొలచి, సైకిలును దేహమునకు అమర్చు నిపుణులు కలరు. దూరప్రయాణములు చేయువారికి, పందెములలో పాల్గొనువారికి వారి సాయము ఎంతయో ఉపకరించును. మనకు ముందుగా కావలసినవి ఒక కొలత టేపు, ఒక పానా, సాయముగా ఒక స్నేహితుడు. ఓపికగల సైకిలు మేస్త్రీ తోడైన మఱియు మంచిది.

తండ్రి పొలమునకు వాడు పెద్ద సైకిలునే బిడ్డకిచ్చుట మన పల్లెలలో తరచుగా చూచుచున్నాము. సీటు అందని ఆ బిడ్డ, కడ్డీ క్రిందుగా కాలు దూర్చి, ఒక ప్రక్కకు వంగి తొక్కును. దినదినము మోకాలు నొచ్చుచుండగా, తనకే శక్తి లేదని తలచి, దూరపు బడిపై ఆశ వదలుకొనవచ్చును. అట్టి బిడ్డకు కావలసినది మందలింపు కాదు. సీటు దింపిన సరిపోవునేమో చూడవలెను. చాలకున్న చిన్న సైకిలు సమకూర్పవలెను.

బాలబాలికలారా! యంత్రము మనిషికొఱకు పుట్టినది. దానికి తగినట్లు దేహమును వంచుకొనుట వివేకము కాదు; దేహమునకు తగినట్లు దానిని దిద్దుకొనుటయే వివేకము. రేపు బడికి బయలుదేరుటకు ముందు మీ సీటు నొకసారి కొలిచి చూచుకొనుడు. మీ ప్రక్కవాని సీటును గూడ చూడుడు.

ప్రశ్నలు

1. శిల్పి పనికిని సైకిలు అమరికకును గల పోలిక యేమి?
2. సీటు ఎత్తును మడమతో సరిచూచు విధమును వివరింపుడు.
3. మీ కాలి పొడవు కొలిచి, మీకు తగిన సీటు ఎత్తును లెక్కకట్టుడు.