ప్రయాణమునకు, నిత్యపు పనికి తేలిక ల్యాప్‌టాప్‌ను ఎంచుకొనుట ఎట్లు?



నూలు కొనుటలో మనలను మోసగించుట ఎవరి తరమును కాదు. చిలపను చేతబట్టి, పోగు లాగి, నెంబరు చూచి, తూకము వేయించి, రంగును ఎండలో పరికించి గాని మనము డబ్బు చెల్లింపము. కాని ల్యాప్‌టాప్ అంగడి గడప దాటగానే ఈ తెలివినంతయు బయట విడిచి, అంగడివారు చూపినదానికి తల ఊపుచున్నాము. నలుబది, ఏబది వేల రూపాయలనగా ఎన్ని చీరల కూలియో ప్రతి ఇంటివారికిని తెలియును. కావున నూలును పరీక్షించు కన్నుతోనే ఈ యంత్రమును గూడ ఎట్లు పరీక్షింపవలెనో ఈ పాఠములో చెప్పదలచితిమి.

ఈ యంత్రము మనకు పరాయిది కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియాన్ నగరములో జోసెఫ్ మారీ జాకార్డు రంధ్రముల అట్టలతో పడుగు పోగులను లేపు సాధనమును సిద్ధపరచెను. ఆ అట్టలనే చూచి ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1830ల నాటి తన గణన యంత్రమునకు అట్టలతో ఆజ్ఞలు ఇయ్యదలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రముల అట్టలతోనే లెక్కించెను. మన మగ్గము నెత్తిన కూర్చున్న జాకార్డు పెట్టె నేటి కంప్యూటరుకు తాత వరుస అగును. అందుచేత భయపడ పనిలేదు, తెలిసికొన్న చాలును.

1. ముందు అవసరము, పిమ్మట యంత్రము

చీర ఫొటో తీసి కొనువారికి పంపుట, డబ్బు వచ్చినదో లేదో చూచుకొనుట మాత్రమే మీ పని అయినచో చేతిలోని ఫోను చాలును, ల్యాప్‌టాప్ కొనవద్దు. బిల్లులు, జీఎస్టీ లెక్కలు, నూలు నిలువ పుస్తకము, బుటాల డిజైను గీయుట, చిక్కబళ్ళాపురములోనో చింతామణిలోనో కాలేజీలో చదువు పిల్లల పాఠములు, బెంగుళూరు ప్రదర్శనలలో అమ్మకపు లెక్కలు, వీనిలో రెండు మూడైనను ఉన్నప్పుడే కొనవలెను. ఇంటిలో ఒకటే యంత్రము ఉండును గనుక పగలు అంగడి పని, రాత్రి పిల్లల చదువు, నెలకొకసారి ప్రయాణము, మూడింటికిని అది ఒదుగవలెను.

2. మేము చేసిన పొరపాటు

మా సంఘమునకు మొదటి ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మేము "పెద్దది, బలమైనది ఇమ్ము" అని అడిగితిమి. అంగడివారు పిల్లలు ఆటలాడుకొనుటకు చేసిన పెద్ద యంత్రమును అంటగట్టిరి. దాని నెత్తురు రంగు దీపములు చూచి మురిసితిమి. మొదటి ప్రదర్శనకు దానిని బస్సులో తీసికొనిపోయి వచ్చిన నాడు భుజము వాచినది. అప్పుడు సంఘములో నూలు తూచు త్రాసు మీద పెట్టి చూచితిమి. యంత్రము 2 కిలోల 300 గ్రాములు, చార్జరు ముప్పావు కిలో, సంచి ఒక కిలో. మొత్తము నాలుగు కిలోలు దాటినది. మా పెద్ద నేతగాడు ఒకాయన చూచి, "ఏమప్పా కార్యదర్శీ, దీన్ని మోసేదానికి ఇంకొక మనిషి కావల్లేమో?" అని నవ్వినాడు. ఆ బరువునకు ఐదారు పట్టుచీరలు ఎక్కువ తీసికొని పోయి అమ్మియుండవచ్చును. ఆ పిమ్మట యంత్రము బల్ల దిగలేదు. ప్రదర్శనలో బిల్లులు మరల చేతితోనే వ్రాసితిమి.

3. బరువును ఎట్లు చూడవలెను

1981లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఆస్‌బోర్న్ 1 అను చేతి కంప్యూటరు సుమారు 11 కిలోలుండెను. తెర 5 అంగుళములే, బ్యాటరీ లేనే లేదు. నేడు 13, 14 అంగుళముల తెర గల తేలిక యంత్రములు ఒక కిలో మొదలు కిలోన్నర లోపల దొరకుచున్నవి. 15.6 అంగుళములవి సామాన్యముగా 1.6 నుండి 2 కిలోల పైచిలుకు ఉండును. బాగేపల్లి నుండి బెంగుళూరుకు సుమారు 100 కిలోమీటర్లు; బస్సులో నిలబడి పోవు దినములు కలవు. తరచుగ తిరుగువారు 14 అంగుళములు, కిలోన్నర లోపలిది చూచుకొనుట మేలు. ఇల్లు కదలనివారు 15.6 అంగుళములది తీసికొన్నను నష్టము లేదు. కంటికి హాయి, తరచు ధరయు తక్కువ.

కంపెనీవారు ప్రకటించు బరువు యంత్రమునకు మాత్రమే. చార్జరు, తీగ, సంచి కలిపి తూచవలెను. టైప్-సి రంధ్రము ద్వారా చార్జి అగు యంత్రమైనచో 65 వాట్ల చిన్న చార్జరు ఒకటే ల్యాప్‌టాప్‌కును, అనేక ఫోన్లకును సరిపోవును.

తేలికదనము ఎక్కడినుండి వచ్చినదో గూడ అడుగవలెను. పోగు సన్నమై చీర తేలికయైన అది నేత గొప్పతనము. పోగులు తగ్గించి తేలిక చేసిన అది పలుచన. యంత్రములోను అంతే. మంచి లోహముతో, తెలివియైన అమరికతో తేలికయైనది ఒకటి. బ్యాటరీని కుదించి తేలిక చేసినది మరియొకటి. రెండవదానికి చేయి చాపవద్దు. మూతను ఒక మూలను పట్టి ఎత్తి చూడుడు. మీటల నడుమ వ్రేలితో నొక్కి చూడుడు. పన్నె వంగినట్లు వంగునది ప్రయాణమునకు నిలువదు.

4. బ్యాటరీ లెక్క

"పది గంటలు వచ్చును" అను మాటను నమ్మక, బ్యాటరీ మీద వ్రాసియున్న వాట్-గంటలను అడుగవలెను. తేలిక యంత్రము లెక్కలు, ఉత్తరముల పనిలో గంటకు సుమారు 8 నుండి 10 వాట్-గంటలు తాగును. 50 వాట్-గంటల బ్యాటరీ అయినచో 5, 6 గంటలు పని నడచును. 40కి తక్కువైనది ప్రదర్శనలో మధ్యాహ్నమునకే గోడ ప్లగ్గును వెదకించును. కరెంటు పోవు పల్లెలలో ఈ లెక్క మరింత ముఖ్యము. బ్యాటరీ ఏండ్లు గడచిన కొలది నీరసించును గనుక మొదటనే కొంత మిగులు ఉండవలెను.

ఢిల్లీ వంటి దూరపు ప్రదర్శనలకు విమానములో పోవువారు ఒకటి గుర్తుంచుకొనవలెను. 100 వాట్-గంటల లోపు బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అవసరము లేదు. విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకులను మాత్రము చేతిసంచిలోనే ఉంచుకొనవలెను, సామానులో వేయరాదు.

5. తెర: నేతవారికి ఇదియే ప్రాణము

ఇతరులకు తెర అనగా అక్షరములు కనబడు పలక. మనకు అది రంగు చూపు అద్దము. మా పాత యంత్రము తెర రంగులను పాలిపోయినట్లు చూపెడిది. ఆ సంగతి ఎరుగక, ఒక రాణి రంగు చీర ఫొటో వెలవెలబోయినదని తలచి, కంప్యూటరులో ఆ రంగును మరింత గాఢము చేసి బెంగుళూరు కొనుగోలుదారునకు పంపితిమి. వారి ఫోనులో అది మంటవలె వెలిగినది. ఆరు చీరలు కోరిరి. చీరలు చేరిన పిమ్మట "మీరు చూపిన రంగు ఇది కాదు" అని ఆరింటిని తిప్పి పంపిరి. పండుగకు ముందు ఆ నేత కుటుంబమునకు అందవలసిన కూలి నెల దాటి అందినది. తప్పు ఆ నేతగాని అద్దకములో లేదు. మా తెరలో ఉన్నది. ఆ ఇంటి గడప తొక్కుటకు మాకు చాల దినములు ముఖము చెల్లలేదు.

కావున కొనునపుడు ఈ మాటలు జ్ఞాపకముంచుకొనవలెను. తక్కువ ధర యంత్రముల వివర పత్రములో "45 శాతం ఎన్‌టిఎస్‌సి" అని యుండును. అట్టి తెర గాఢమైన ఎరుపు, ఆకుపచ్చలను పూర్తిగా చూపజాలదు. "100 శాతం ఎస్‌ఆర్‌జిబి" లేక దానికి దగ్గరగా ఉన్న తెర మనకు తగినది. వెలుగు 300 నిట్సుకు తగ్గరాదు; ప్రదర్శన పందిరిలో పగటి వెలుతురున అంతకు తక్కువైనది మసకగా కనబడును. ప్రక్కనుండి చూచినను రంగు మారని ఐపిఎస్ తెరనో, ఓఎల్ఈడీ తెరనో అడుగవలెను.

వివర పత్రము చదువుట రానివారికి సులువైన పరీక్ష కలదు. ఇంటిలోని ఎర్రని, నేరేడు రంగు, చిలకపచ్చ చీర ముక్కలు మూడు సంచిలో వేసికొని అంగడికి పోవుడు. వానిని ఫోనుతో ఫొటో తీసి, కొనబోవు యంత్రములో చూచి, ప్రక్కన అసలు ముక్కను పెట్టి పోల్చుడు. ముక్కకు దగ్గరగా చూపిన యంత్రమే మీది.

తెర ఎంత మంచిదైనను కొనువారి ఫోను తెర మన చేతిలో లేదు. ఫొటోను ట్యూబులైటు క్రింద గాక పగటి నీడలో తీయవలెను. రంగును చేతులార మార్చరాదు. పెద్ద ఆర్డరుకు ముందు నూలు ముక్కను తపాలాలో పంపవలెను.

6. లోపలి భాగములు

ప్రాసెసరు విషయములో ఎక్కువ డబ్బు పోయవద్దు. మన లెక్కలకు, ఉత్తరములకు, పాఠములకు నడితరగతిది సమృద్ధిగా చాలును. ఆ డబ్బును తెర మీద, బ్యాటరీ మీద పెట్టుడు. ర్యామ్ 8 జీబీకి తగ్గరాదు. డిజైను గీయువారికి 16 జీబీ ఉండవలెను. అనేక తేలిక యంత్రములలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి వేయుదురు. తరువాత పెంచుటకు వీలుండదు. "దీనిని పెంచవచ్చునా?" అని కొనకముందే అడుగవలెను. నిలువకు ఎస్ఎస్‌డి 256 జీబీ కనీసము. చీరల ఫొటోలు ఎక్కువ ఉన్నవారికి 512 జీబీ మేలు. జాకార్డు డిజైను సాఫ్ట్‌వేర్లలో అనేకము విండోసు మీదనే నడచును గనుక, ఆపిల్ యంత్రము కొనదలచువారు ఆ సంగతి ముందే విచారించుకొనవలెను.

7. రెండు భాషల ఇల్లు

బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మనము ఇంట తెలుగు మాటలాడి, కార్యాలయములో కన్నడము వ్రాయుచున్నాము. దీనికి రెండు యంత్రములు అవసరము లేదు. విండోసులో తెలుగు, కన్నడము రెండును చేర్చుకొనవచ్చును. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో "క" అను అక్షరము రెండు భాషలకును ఒకే మీట మీద ఉండును. "ప", "హ" మొదలైనవియు అంతే. ఒక భాషలో చేయి తిరిగినచో రెండవది దానంతట అదే వచ్చును. అంగడిలోనే మీటల మీద నాలుగు వాక్యములు కొట్టి చూడుడు. మీటలు ఇరుకైనచో లెక్కలు వ్రాయువారి వ్రేళ్లు నొచ్చును.

8. పాత యంత్రములు కొనువారికి

కొత్తది కొనలేనివారు వాడిన యంత్రమును కొనుట తప్పు కాదు. కంపెనీల కార్యాలయములలో వాడి విడిచిన తేలిక యంత్రములు బెంగుళూరులో దొరకును. అయితే విండోసు 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చుచుండిన సాధారణ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. ఇంటెల్ 8వ తరమునకు పూర్వపు యంత్రములు సామాన్యముగా విండోసు 11కి అర్హములు కావు. బ్యాంకు లావాదేవీలు చేయువారు అట్టివానిని విడువవలెను. పాతదానిలో బ్యాటరీ ఎంత మిగిలినదో అరగంట నడిపి చూచి, బిల్లు తప్పక తీసికొనవలెను.

9. మగ్గపు ఇంటిలో జాగ్రత్త

ల్యాప్‌టాప్‌కు మన ఇంటిలో పెద్ద శత్రువు నూలు నుండి రాలు దూది నలుసు. యంత్రములోని ఫ్యాను గాలిని పీల్చి ఆ నలుసును లోపల చేర్చును. దారి మూసికొని యంత్రము కాగును, నెమ్మదించును. మగ్గము ప్రక్కన, రాట్నము ప్రక్కన దానిని తెరవవద్దు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టవద్దు. ఏటికొకసారి తెలిసినవారిచే లోపల శుభ్రము చేయింపవలెను. ఫ్యాను లేని యంత్రములును కలవు. ఆపిల్ వారి మాక్‌బుక్ ఎయిర్‌కు 2020 చివరినుండి ఫ్యాను లేదు. వానికి ఈ బాధ తక్కువ, ధర ఎక్కువ. అద్దకపు నీరు, గుంట మగ్గపు చెమ్మ తగులనియ్యరాదు. లెక్కల నకలు వేరొక పెన్‌డ్రైవులో వారమునకొకసారి తీసి బీరువాలో ఉంచవలెను.

అంగడిలో అడుగవలసిన ప్రశ్నలు

1. చార్జరుతో కలిపి బరువెంత? త్రాసు మీద పెట్టి చూపుదురా?
2. బ్యాటరీ ఎన్ని వాట్-గంటలు? టైప్-సితో చార్జి అగునా?
3. తెర ఎస్‌ఆర్‌జిబి ఎంత శాతము? ఎన్ని నిట్సులు?
4. ర్యామ్ ఎంత? పెంచవచ్చునా?
5. వారంటీ ఎన్నేండ్లు? ఇంటికి వచ్చి బాగుచేయుదురా, లేక బెంగుళూరుకు మోసికొని పోవలెనా?
6. యంత్రము మీద, చార్జరు మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్నదా?

ఆరింటికిని సూటిగా జవాబు చెప్పని అంగడిని విడిచి ప్రక్క అంగడికి పోవుడు. వాయిదాల పద్ధతిలో కొనువారు నెలవారీ సొమ్మును గాక, వడ్డీ, రుసుములతో చివరకు చెల్లించు మొత్తమును అడిగి వ్రాయించుకొనవలెను.

మా సంఘములో ఇప్పుడున్నది 14 అంగుళముల యంత్రము. చార్జరుతో కలిపి కిలోన్నరకు కొంచెము ఎక్కువ. అది గొప్ప యంత్రమేమియు కాదు. కాని అది సంచిలో చీరల ప్రక్కన ఒదిగి ప్రతి ప్రదర్శనకు వచ్చుచున్నది. రాణి రంగును రాణి రంగుగానే చూపుచున్నది. మనకు కావలసినది అంతే. కొనదలచిన సభ్యులు ముందుగా సంఘ కార్యాలయమునకు వచ్చి దీనిని ఎత్తి చూచి, తెరచి చూచి, తమ చీర ముక్కతో పోల్చి చూచి పిమ్మట అంగడికి పోవలసినదిగా కోరుచున్నాము.