జుపిటర్ నోట్‌బుక్‌లో ఎర్రర్ రాకుండానే ఆన్సర్ తప్పు వస్తోందా? ఇలా పట్టుకోండి

ఎర్రర్ మెసేజ్ వస్తే బగ్ ఎక్కడుందో కనీసం లైన్ నంబరైనా తెలుస్తుంది. అసలు చిక్కు ఏ ఎర్రరూ లేకుండా తప్పు నంబర్ వచ్చినప్పుడే. ఫోన్ల బ్యాటరీ టెస్ట్ లెక్కలు నేను జుపిటర్ నోట్‌బుక్‌లోనే చేస్తాను. అక్కడ అరగంట తేడా వచ్చినా రెండు ఫోన్ల ర్యాంకులు తారుమారైపోతాయి, మన మాట నమ్మి కొనేవాళ్లు నష్టపోతారు. అందుకే ఈ రకం బగ్‌ని పట్టుకోవడం చిన్న ఉదాహరణతో చూపిస్తాను. మీరూ చేసి చూడండి.

మూడు సెల్స్‌తో చిన్న టెస్ట్

కొత్త నోట్‌బుక్ ఓపెన్ చేసి, కింద ఉన్న ఒక్కో లైన్‌నీ ఒక్కో సెల్‌లో టైప్ చేయండి. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా పనిచేస్తాయి.

సమయం = 900
సమయం = సమయం - 30
సమయం / 60

ఫుల్ చార్జ్ నుంచి ఫోన్ ఆఫ్ అయ్యేదాకా 900 నిమిషాలు పట్టిందనుకుందాం. అందులో సెటప్‌కి పోయిన 30 నిమిషాలు తీసేసి, మిగతాది గంటల్లోకి మారుస్తున్నాం. వరసగా రన్ చేస్తే 14.5 వస్తుంది. కరెక్టే.

ఇప్పుడు రెండో సెల్‌ని ఇంకోసారి రన్ చేసి, ఆ తర్వాత మూడోది రన్ చేయండి. 14.0 వస్తుంది! కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఎందుకిలా?

స్క్రీన్ మీద కనిపించే కోడ్ వేరు, వెనకాల దాన్ని నడిపే కెర్నల్ వేరు. సెల్స్ ఏ వరసలో ఉన్నాయో కెర్నల్‌కి పట్టదు, మీరు ఏ వరసలో రన్ చేశారన్నదే దానికి లెక్క. రెండోసారి రన్ చేసేసరికి సమయం అప్పటికే 870 అయి ఉంది. అందులోంచి ఇంకో 30 పోయి 840 అయింది.

సెల్ డిలీట్ చేసినా ఇదే కథ. అందులో పుట్టిన వేరియబుల్ కెర్నల్ మెమరీలో అలాగే ఉంటుంది. అందుకే మీ దగ్గర బాగా నడిచిన నోట్‌బుక్ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో నేమ్ ఎర్రర్ ఇస్తుంది.

ఎలా పట్టుకోవాలి?

1. సెల్ పక్కన బ్రాకెట్లలో ఉన్న నంబర్లు చూడండి. పై నుంచి 1, 2, 3 అని ఉండాలి. మన టెస్ట్‌లో ఇప్పుడు 1, 4, 5 కనిపిస్తాయి. మధ్యలో నంబర్లు ఎగిరిపోయాయంటే అనుమానించాల్సిందే.

2. కెర్నల్ రీస్టార్ట్ చేసి అన్నీ మళ్లీ రన్ చేయండి. జుపిటర్‌ల్యాబ్‌లో కెర్నల్ మెనూలో, గూగుల్ కోల్యాబ్‌లో రన్‌టైమ్ మెనూలో ఈ ఆప్షన్ ఉంటుంది. ఆన్సర్ మారితే బగ్ దొరికినట్టే. అయితే రీస్టార్ట్ చేస్తే మెమరీలో ఉన్నదంతా పోతుంది కాబట్టి, గంటలు పట్టిన రిజల్ట్ ఏదైనా ఉంటే ముందు ఫైల్‌లో సేవ్ చేసుకోండి.

3. పాత పేరులోనే కొత్త విలువ వేయకండి. రెండో సెల్‌ని ఇలా మార్చండి:

నికర_సమయం = సమయం - 30

మూడో సెల్‌లో కూడా నికర_సమయం అనే వాడండి. మళ్లీ రీస్టార్ట్ చేసి అన్నీ రన్ చేశాక, ఇక రెండో సెల్‌ని పదిసార్లు రన్ చేసినా 870 దాటి కిందకి దిగదు.

రివ్యూలోకి వెళ్లే ఏ నంబరైనా సరే, రీస్టార్ట్ చేసి అన్నీ రన్ చేశాక వచ్చిందే నేను తీసుకుంటాను. కాలేజ్ ప్రాజెక్ట్ సబ్మిట్ చేసే ముందు మీరూ ఆ ఒక్క పని చేయండి.