ప్రశ్నలు – జవాబులు: నీళ్లు కొడితే పోయేదెక్కడికి?

ప్రశ్న: మా పాప బెంగళూరు నుంచి కాన్పుకొచ్చి మాతోనే ఉంది. పసిబిడ్డకు వాడిన తడి టిష్యూలు బాత్రూములోనే వేసి ఫ్లష్ కొడుతోంది. వెయ్యొచ్చని ప్యాకెట్టు మీదే రాసుందంటుంది. ఒకటి రెండుసార్లు డైపర్ లోపలి దూది కూడా వేసింది. ఇప్పుడు నీళ్లు పోసిన కొద్దీ పైకి తన్నుతున్నాయి. అసలు అందులో ఏమేం వెయ్యొచ్చు? – గృహిణి, ముదిగుబ్బ

జవాబు: మలం, మూత్రం, కడుక్కున్న నీళ్లు. అలవాటున్నవాళ్లుంటే కొద్దిగా టాయిలెట్ పేపరు. వెయ్యదగ్గవి ఇంతే తల్లీ. వెయ్యకూడనివి మాత్రం చాలానే ఉన్నాయి: తడి టిష్యూలు, డైపర్లు, ప్యాడ్లు, దూది, నిరోధ్‌లు, దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు, షాంపూ ప్యాకెట్లు, బీడీ ముక్కలు, మిగిలిపోయిన సాంబారు, వాడేసిన నూనె.

ప్యాకెట్టు రాసినవాళ్లకు మీ ఇల్లు తెలీదు. ముదిగుబ్బలో వీధి కింద డ్రైనేజీ పైపుల్లేవు. మీరు ఫ్లష్ కొట్టింది ఊరవతలికి పోదు, మీ వాకిట్లోనో పెరట్లోనో ఉన్న గుంతలోకే పోతుంది. అక్కడ మలం అడుగుకు దిగుతుంది, జిడ్డు పైన తెట్టెగా తేలుతుంది, నడిమి నీళ్లు ఇంకుడు గుంతకు పోతాయి. అడుగున చేరినదాన్ని గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు నెమ్మదిగా తినేస్తాయి. కానీ తడి టిష్యూల్లో చాలా రకాలకు పాలిస్టరు పోగు కలుస్తుంది, దాన్ని ఏ సూక్ష్మజీవీ తినదు. డైపర్‌లోది వట్టి దూది కూడా కాదు. నీళ్లు తాగి ఉబ్బే రసాయనపు గుళికలు అందులో ఉంటాయి. పైపు వంపులో ఉబ్బిందంటే అక్కడే బిరడా వేసినట్టు.

మాట నమ్మకం కుదరకపోతే ఒక బకెట్లో టాయిలెట్ పేపరు, ఇంకో బకెట్లో తడి టిష్యూ వేసి కట్టెతో తిప్పి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూసేసరికి పేపరు విడిపోయి ఉంటుంది. టిష్యూను పిండి తీగ మీద ఆరేసుకోవచ్చు.

ఊరంతా పైపులున్న లండన్‌కే ఈ తిప్పలు తప్పలేదు. 2017లో వైట్‌చాపెల్ ప్రాంతంలో వీధి కింద వంటనూనె కొవ్వు, టిష్యూలు, డైపర్లు కలిసి గట్టిపడిన గడ్డ ఒకటి బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు! తవ్వి తియ్యడానికి వారాలు పట్టింది. అందులో ఒక ముక్కను తర్వాత మ్యూజియంలో కూడా పెట్టారు. మనకా ముచ్చట వద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది: రబ్బరు కప్పున్న కర్రతో నొక్కి చూడండి. కదలకపోతే ప్లంబరును పిలిచి ఛాంబరు మూత తీయించి, వేసిన గుడ్డలూ దూదీ బయటికి లాగించండి. యాసిడ్ పోసి కరిగిద్దామనుకోవద్దు, పాలిస్టరు దానికి కరగదు. ఇకమీదట డైపర్‌లోని మలాన్ని మాత్రం బాత్రూములో దులిపి, డైపర్‌ను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయమనండి. పగటిపూటైనా పాత చీర గుడ్డలు కడితే బిడ్డకూ సుఖం, గుంతకూ సుఖం.

ప్రశ్న: హాస్టల్లో ప్యాడ్లు వెయ్యడానికి బుట్ట లేదు. వార్డెన్ సార్‌ను అడగాలంటే సిగ్గు. అందరం బాత్రూములోనే వేస్తున్నాం. – డిగ్రీ విద్యార్థిని, ధర్మవరం

జవాబు: తప్పు మీది కాదమ్మా, బుట్ట పెట్టనివాళ్లది. కానీ పైపు పూడితే ఇబ్బంది పడేదీ మీరే. ప్యాడ్ పైపొరా అడుగుపొరా ప్లాస్టిక్కే, నడుమ ఉండేది డైపర్‌లో ఉన్నలాంటి సరుకే. గట్టిగా చుట్టి పొడి చెత్త బుట్టలో వేయాలని, చుట్టడానికి సంచులు కంపెనీలే ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. కాబట్టి మీరు అడుగుతున్నది దయ కాదు. నలుగురు కలిసి కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఆఫీసులో ఇచ్చేయండి, నోటితో చెప్పే పని తప్పుతుంది. ప్రతి బాత్రూములో మూతున్న బుట్ట, పక్కన పాత పేపర్లు చాలు. పెరట్లో కాల్చడం మాత్రం వద్దు, ఆ ప్లాస్టిక్ పొగ మీ గదుల్లోకే వస్తుంది.

ప్రశ్న: వాసన పోవాలని వారం వారం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు వేస్తున్నాం. గుంతలో పేడనీళ్లు, బెల్లం పోస్తే మంచిదని మా అత్త అంటుంది. ఎవరి మాట నిజం? – బత్తలపల్లి

జవాబు: అత్తగారి మాటతో నష్టం లేదు, లాభమూ లేదు. గుంతకు కావలసిన సూక్ష్మజీవులు మన మలంతోనే రోజూ వెళ్తుంటాయి. బజారులో అమ్మే పొడులకూ ఇదే జవాబు. మీరు చేసేదే ప్రమాదం. యాసిడ్, బ్లీచింగ్ ఒకదాని మీద ఒకటి పడితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపు వేసుకున్న చిన్న బాత్రూములో అది ఊపిరాడనివ్వదు. పైగా రెండూ గుంతలోని సూక్ష్మజీవులను చంపుతాయి. సబ్బునీళ్లు, బ్రష్షు చాలు. అప్పటికీ వాసన వస్తుంటే గాలిగొట్టం పూడిందేమో, సీటు వంపులో నీళ్లు నిలుస్తున్నాయో లేదో చూడండి.

ప్రశ్న: సెప్టిక్ ట్యాంకు నిండింది. బండికి చాలా అడుగుతున్నారు. ఒక మనిషి దిగి తోడతానంటున్నాడు. మూత తీసి గంటసేపు ఆరనిస్తే ఏమీ కాదంటున్నాడు. – ముదిగుబ్బ

జవాబు: దింపొద్దు. ఆయన ఒప్పుకున్నా, ఇంకో వంద తగ్గిస్తానన్నా దింపొద్దు.

లోపల మీథేను, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెముంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కునే మొద్దుబారుస్తుంది. కంపు తగ్గిందని దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు. గంటసేపు మూత తెరిచిపెట్టినా లాభం లేదు, అడుగు బురదను కదిలించగానే అందులో దాగిన వాయువు బుస్సున లేస్తుంది. దీపం దించి చూడటం ఇంకా అన్యాయం, మీథేను అంటుకుంటుంది. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు, వాళ్ల కోసం మరొకరు దిగి ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి తోడించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మలం ఎత్తించే పనిని మాన్పించే పోరాటంలో ముందు నిలిచిన బెజవాడ విల్సన్ మనకు దూరపువాడేం కాదు, కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఇంటివాళ్లు ఆ పనే చేసేవారు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు.

బండి ఖర్చు ఎక్కువనిపిస్తే పక్కిళ్లవాళ్లతో మాట్లాడుకుని ఒకే రోజు పిలిపించండి, బేరం కుదురుతుంది. రెండు మూడేళ్లకోసారి తోడించుకుంటే బురద గట్టిపడదు, పని తొందరగా అవుతుంది. తోడింది ఎక్కడ పోస్తారో కూడా అడగండి. వంకలో వదిలేస్తే వానొచ్చిన నాడు కిందికే కొట్టుకొస్తుంది.

ప్రశ్న: గుంతకు బోరు ఎంత దూరముండాలి? మా బోరు వందల అడుగుల లోతు, భయం లేదంటున్నారు. – కదిరి రోడ్డు నుంచి

జవాబు: కనీసం 15 మీటర్లు ఉంచుకోండి. వీలైతే బోరు పైవాలులో, గుంత దిగువలో ఉండాలి. లోతును చూసి ధైర్యపడొద్దు. మన దగ్గర మన్ను పలచన, కింద రాయి. మన్ను వడగట్టినట్టు రాతి పగులు నీటిని వడగట్టదు. కేసింగు పైపు కూడా పైన కొంతమేరకే ఉంటుంది. చాలామంది సెప్టిక్ ట్యాంకని చెప్పుకునేది నిజానికి అడుగు సిమెంటు లేని ఒంటి గుంత, దాంతో మరీ జాగ్రత్త. స్వచ్ఛ భారత్‌లో 12 వేల సాయంతో కట్టిన జంట గుంతలైతే ఒకటి నిండగానే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచండి. ఆ తర్వాత అది చేనికి ఎరువే. పాలిథీన్ ముక్కలు పడకుండా ఉంటేనే సుమా.

ప్రశ్న: గడువు దాటిన మాత్రలు అందులో వెయ్యొచ్చా? – హిందూపురం

జవాబు: మామూలు మందులు వద్దు, ముఖ్యంగా యాంటీబయాటిక్కులు. ఒక మినహాయింపుంది. కేన్సర్ నొప్పికిచ్చే మార్ఫిన్, ఫెంటానిల్ వంటివి పిల్లల చేతికి చిక్కితే ప్రాణాపాయం. అలాంటి 17 మందులు గడువు దాటినా, మిగిలిపోయినా ఇంట్లో ఉంచుకోవద్దు, ఫ్లష్ చెయ్యొచ్చని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో జాబితా ఇచ్చింది. మీ దగ్గరున్నది వాటిలోదో కాదో మందుల షాపులో అడగండి. మిగతావి పట్టీల్లోంచి తీసి, నలిపి, తడి మన్నులోనో కాఫీ పిప్పిలోనో కలిపి కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి.