కాదంబరి: కథయు, శైలియు

మన గుమ్మఘట్టకు పొరుగగు కన్నడసీమలో నవలను నేటికిని ‘కాదంబరి’ యందురు. ఆ పేరు 7వ శతాబ్దమున హర్షచక్రవర్తి యాస్థానమందుండిన బాణభట్టుని సంస్కృత గద్యకావ్యమునుండి వచ్చినది.

కథ మిక్కిలి యద్భుతము. చంద్రాపీడుడు కిన్నరమిథునమును వెంబడించి, దారి తప్పి, అచ్ఛోద సరస్సు చేరును. మృతులు మరల జన్మింతురు. అయినను పుటలకొలది సమాసములు గడచినగాని క్రియ కానరాదు. వేదవతి నీరు ఇసుకలో నింకినట్లు కథ వర్ణనలలో నింకిపోవును.

ప్రేమచే మతి తప్పిన పుండరీకుని మిత్రుడు కపింజలుడు మందలించు పట్టున మాత్రము వాక్యములు పొట్టివి. మా హృదయము కరగిన దచ్చటనే.

విద్యార్థులారా! మనము కఱవుసీమవారము, నీటి విలువ యెఱుగుదుము. మాటనుగూడ నట్లే పొదుపుగా వాడుదము.