సొరంగం దాటాక

గ్రాండ్ జంక్షన్, కొలరాడో
ఆదివారం పొద్దున

చిరంజీవి చిన్నాకు,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. బండి బాగుంది. 1990 నాటి ఎఫ్-250, 7.3 లీటర్ల డీజిలు, చేత్తో వేసుకునే అయిదు గేర్లు. తుప్పు కూడా తక్కువే. సీటు మీద దుప్పటి కప్పి ఫోటో తీశావు గాని చిరుగు కనపడుతూనే ఉందిలే. మీ అమ్మ ఫోను చేసి, "కంప్యూటరు ఉద్యోగం చేసుకునేవాడికి ఆ డొక్కు లారీ ఎందుకన్నయ్యా, నువ్వయినా చెప్పు" అంది. ఈ విషయంలో నేను నీ వైపే. కాకపోతే దానికి టర్బో పెట్టించి, ఆరు వేల పౌండ్ల క్యాంపర్ తగిలించుకుని సెప్టెంబరులో డెన్వర్ నుంచి మా ఇంటికి వస్తానన్నావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం వినవు.

టర్బో వద్దనను. మనం ఉండే చోట దానికి పనుంది. సముద్రమట్టం దగ్గర నీ ఇంజను దాదాపు 180 గుర్రాలు లాగుతుంది. పైకి పోయే కొద్దీ గాలి పలచబడి, వెయ్యి అడుగులకు నూటికి మూడు వంతుల చొప్పున బలం తగ్గుతుంది. నువ్వు వచ్చే దారిలో ఐసెన్‌హోవర్ సొరంగం ఉన్నది 11,000 అడుగుల పైన. అక్కడికి చేరేసరికి నీ గుర్రాల్లో మూడో వంతు దారిలోనే దిగిపోయి ఉంటాయి. పోయిన ఆ గాలినే టర్బో తెచ్చిపెడుతుంది. వృథాగా పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం గాలిని ఇంజనులోకి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు తిరగడం దానికి మామూలు సంగతి.

ఈ పనికీ కొలరాడోకూ పాత చుట్టరికమే ఉంది. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు లిబర్టీ అనే విమానం ఇంజనును లారీ మీద బిగించి పైక్స్ పీక్ కొండెక్కించాడు. కింద 350 గుర్రాలిచ్చిన ఆ ఇంజను 14,000 అడుగుల మీద 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది. నువ్వు చేయబోయేదీ అదే కొండల్లో అదే పని, కాకపోతే వెనకాల వంటగది కట్టుకుని చేస్తున్నావు.

ఇక ఇంజను సంగతి. నీ బండి పుట్టినప్పుడు దానికి టర్బో లేదు. 1993లో ఫోర్డ్ తానే ఆ ఇంజనుకు టర్బో పెట్టి అమ్మినప్పుడు లోపల పిస్టన్ పిన్నులు లావు చేసింది. నీవి సన్నవి. అందుకని గాలిని చదరపు అంగుళానికి ఎనిమిది పౌండ్లో, మహా అయితే పదో తోసి అక్కడితో ఆగు. పదిహేను కావాలని నీ స్నేహితులెవరయినా ఎగదోస్తే, ఇంజను విప్పి మళ్లీ కట్టే ఖర్చు వాళ్లనే పెట్టుకోమను. రేడియేటరు నీళ్లలో కలిపే మందు కూడా మానకు. ఈ ఇంజనులో సిలిండరు గోడ బయటివైపు నీటిబుడగలు పగిలి పగిలి సన్నటి బెజ్జాలు పొడుస్తాయి. పరీక్ష కాగితాలు దొరుకుతాయి, ఆయిలు మార్చినప్పుడల్లా ఒకటి ముంచి చూసుకో.

డీజిలు ఎక్కువ పోస్తే వేడి ఎక్కువవుతుంది. పెట్రోలు బండి నడిపిన చేతికి ఇది తలకిందుల లెక్కలా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ కనపడిందంటే, చాలినంత గాలి లేకుండా ఇంధనం పోస్తున్నావన్నమాట. పిస్టన్ అల్యూమినియంది, ఆ లోహం కరిగేది 1,220 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. పొగ వేడి చూపించే పైరోమీటరు ముల్లు 1,200 వైపు పోతుంటే పాదం పైకి తియ్యి, కింది గేరు వెయ్యి. నలభై మైళ్ల వేగంతో ఎక్కితే నీ పరువేం పోదు. కుడి లేనులో లారీవాళ్లంతా అలాగే ఎక్కుతుంటారు, వాళ్లకు తెలియక కాదు.

ఇంతవరకు చెప్పింది ఎక్కడం గురించి. నిన్ను కూర్చోబెట్టి చెప్పాలనుకున్నది దిగడం గురించి.

మీ తాతయ్య లారీ సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ప్రాజెక్టుకు సిమెంటు తోలేవాడు. సెలవుల్లో నేను క్లీనరుతో పాటు వెనకాల ఎక్కేవాణ్ణి. ఘాట్లో బండి ఆగిందంటే క్లీనరు దూకి టైరు కింద చెక్క పెట్టాలి, ఆలస్యమైతే బూతులు. నాన్న ఇంజను గొప్ప గురించి మాట్లాడగా నేను వినలేదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలనేవాడు. అప్పట్లో నాకది చాదస్తంలా అనిపించేది.

చాలా ఏళ్ల తరువాత, ఆగస్టు నెలలో, మీ అత్తయ్యతో ట్రైలరు కట్టుకుని సొరంగం దాటాను. అక్కడి నుంచి సిల్వర్‌థోర్న్ దాకా ఏడు శాతం వాలు. బండి హాయిగా ఎక్కిందన్న మురిపెంలో పై గేరులోనే వదిలేశాను. డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనులా గాలిని బిగబట్టే మూత లేదు కదా, పాదం తీసేసినా అది బండిని పెద్దగా ఆపదు. బరువంతా బ్రేకుల మీద పడింది. ట్రైలరు బ్రేకుల కంట్రోలరు డయలు సున్నా మీద ఉందన్న సంగతి నాకు తెలియదు. అంటే తెలుసుకోవలసింది, చూడలేదు. మూడో మైలులో కమురు వాసన. ఆ తరువాత పెడలు మెత్తబడి కిందికి దిగడం మొదలుపెట్టింది. పారిపోయే లారీల కోసం కంకర పోసి కట్టిన ఎత్తు దారి ఎదురుగా కనపడుతోంది, దానిలోకి పోదామా అని ఒక క్షణం అనుకున్నాను. గేరు దించాను, ఇంజను అరిచింది, మళ్లీ దించాను. ఎలాగో పక్కకు ఆపాను. మీ అత్తయ్య ఏమీ అనలేదు. దిగి, రాయి తెచ్చి టైరు కింద పెట్టి, పులిహోర డబ్బా తీసింది. ముప్పావు గంట అక్కడే కూర్చున్నాం.

కాబట్టి టర్బో పెట్టించిన రోజున నీ బండి లాగగల బరువు పెరిగిందనుకోకు. తలుపు సందులో ఉన్న చీటీ మీది అంకె అదే, చట్రం అదే, బ్రేకులు అవే. బయలుదేరే ముందు సామాను, నీళ్లు అన్నీ నింపి ట్రక్ స్టాపులో కాటా వేయించు. క్యాంపర్ ఆరు వేల పౌండ్లయితే అందులో 600 నుంచి 900 దాకా ముందు కొక్కెం మీద పడాలి. బరువంతా వెనక్కి సర్దితే ట్రైలరు తోక ఊపుతుంది, అలా ఊపడం మొదలుపెట్టినప్పుడు బండి బ్రేకు తొక్కకు, కంట్రోలరు మీటతో ట్రైలరు బ్రేకులు మాత్రమే వెయ్యి. గొలుసులు కొక్కెం కింద కత్తెరలా వెయ్యి. ఖాళీ పార్కింగు స్థలంలో ఇరవై మైళ్ల వేగంతో ఆ మీట ఒక్కటే నొక్కి చూడు. ట్రైలరు నిన్ను వెనక్కి లాగినట్టు తెలియాలి. తెలియకపోతే బయలుదేరకు, నేనే వచ్చి నిన్ను చూసి పోతాను.

సొరంగంలోంచి బయటపడక ముందే కింది గేరు వేసుకో. వేగం 35 దాటితే గట్టిగా తొక్కి 30కి తెచ్చి వదిలెయ్యి. పాదం అలా ఆనించి ఉంచకు. దిల్లన్‌లో చెరువు చూస్తూ కాఫీ తాగేటప్పుడు ఇంజను రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆర్పు, లేకపోతే టర్బో బేరింగులో ఆయిలు మాడి బొగ్గవుతుంది.

నా పాత పైరోమీటరు వేరే పార్శిల్లో పంపుతున్నాను. దాని ప్రోబు టర్బోకు ముందు, మానిఫోల్డులో పెట్టించు. వెనక పెడితే రెండు మూడు వందల డిగ్రీలు తక్కువ చూపించి నిన్ను మురిపిస్తుంది. బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు బిట్టుకు గ్రీజు బాగా పట్టించు, రజను దానికే అంటుకుంటుంది. టర్బో బిగించక ముందే ఆ పని చేసుకుంటే ఇంకా మంచిది.

మీ మామయ్య