గొయ్యి కంటే ముందు వాటం

కొవ్వూరులో ఎవరి పెరట్లోనైనా స్విమ్మింగ్ పూల్ కట్టే పని ఒప్పుకున్నారా? అడ్వాన్సు చేతికి రాగానే జేసీబీని పిలవకండి. ముందు పక్కింటి నూతిలోకి చూడండి. శ్రావణ భాద్రపదాల్లో నీళ్ళు ఏ వర దాకా వచ్చాయో ఆ చార వేసవిలోనూ కనిపిస్తుంది. ఆ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, “గోదారి బాగా వచ్చిన ఏడు నూతిలో నీళ్ళు ఎందాకా లేచాయండీ?” అని అడగండి. పూల్ ఎంత లోతు తవ్వొచ్చో నిర్ణయించాల్సింది ఆ జవాబే.

కొవ్వూరు ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, ఏటి ఒడ్డున ఉంది. వరద రోజుల్లో ఏటి మట్టం గట్టు వెనక నేలకంటే పైకి లేస్తే, ఇసుక పొరల గుండా ఊట ఊరివైపు తోస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లెక్క అలాంటి రోజులకి వేయాలి. మే నెలలో గొయ్యి పొడిగా ఉందని ధైర్యపడితే లాభం లేదు.

నిండుగా ఉన్న పూల్‌కి భయం లేదు, లోపలి నీళ్ళ బరువే దాన్ని తొక్కిపట్టి ఉంచుతుంది. కడగడానికి ఖాళీ చేసిన రోజునే ప్రమాదం. కాంక్రీటు బరువు నీటికి సుమారు రెండున్నర రెట్లు. అంటే 6 అంగుళాల స్లాబు తన బరువుతో ఆపగలిగేది 15 అంగుళాల ఎత్తు ఊటని. గోడల బరువు కొంత కలిసొస్తుంది. కానీ నాలుగున్నర అడుగుల లోతు పూల్ చుట్టూ నీరు నేలమట్టం దాకా వస్తే అదీ చాలదు. స్లాబు ఉబ్బి పగులుతుంది, లేదా తొట్టి మొత్తం పైకి లేస్తుంది.

అందుకే స్లాబు కింద అరడుగు కంకర పరిచి, అందులో చిల్లులున్న 4 అంగుళాల పైపు వేసి, మట్టి చేరకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టండి. ఆ పైపుని పూల్ అడుగుకంటే లోతైన ఒక వరల బావిలోకి వదిలి, మోటారు పెట్టండి. అడుగున రిలీఫ్ వాల్వు బిగించండి. వానాకాలంలో పూల్ ఖాళీ చేయకూడదని యజమానికి కాగితం మీద రాసివ్వండి. ఖర్చు తగ్గించమంటే టైల్స్ రకం తగ్గించండి, ఇది మాత్రం తగ్గించకండి.

ఇక పై నీళ్ళు. సెంటు స్థలం మీద అంగుళం వాన పడితే దాదాపు వెయ్యి లీటర్లు. పది సెంట్ల దొడ్డి అయితే రెండు ట్యాంకర్లు! పూల్ అంచుని చుట్టూ నేలకంటే 4 నుంచి 6 అంగుళాలు ఎత్తులో ఉంచి, పక్క గచ్చుకి అడుగుకి పావు అంగుళం చొప్పున బయటివైపు వాటం ఇవ్వండి. పదడుగులకి రెండున్నర అంగుళాలు. ఇంటివైపు నుంచి పూల్ మీదకి నీళ్ళు పారుతుంటే, మధ్యలో జాలీ కాలువ తప్పనిసరి. డాబా పైపుల నీళ్ళకి వేరే దారి చూపండి. ట్యూబ్ లెవెల్ పట్టి స్థలం నాలుగు మూలలూ కొలిచాకే ఇవన్నీ గీయాలి.

పన్నెండడుగుల వెడల్పు, ఇరవైనాలుగడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల లోతు పూల్‌కి లోపలి కొలతల లెక్కనే దాదాపు 13 యూనిట్ల మట్టి వస్తుంది. గోడలు, స్లాబు, కంకర మందానికి తవ్వేది కలిపితే అంతకంటే ఎక్కువే, గుల్లబారితే ఇంకా పెరుగుతుంది. దాన్ని వాననీటి దారికి అడ్డంగా పోయకండి. నల్లరేగడి అయితే గోడల వెనక అసలు వాడొద్దు, తడిస్తే ఉబ్బి గోడని తోస్తుంది. అక్కడ ఇసుక గాని, గ్రావెల్ గాని పొరలుగా దిమ్మిస కొట్టి నింపాలి.

చివరికి ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? మున్సిపాలిటీ మురుగు కాలువ అడుగు మీ పైపుకంటే కిందుందో లేదో కొలవండి. పెద్ద వానకి కాలువ నిండితే నీళ్ళు మీ పైపులోకే వెనక్కి తన్నుతాయి, కాబట్టి నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి. క్లోరిన్ నీళ్ళు పంట బోదెలోకి వదలకండి. పక్కవాళ్ళ స్థలంలోకి వాటం ఇస్తే పని పూర్తవకముందే తగాదా మొదలవుతుంది.

టైల్స్ వేసేముందు గచ్చు మీద ఒక ట్యాంకరు నీళ్ళు పోయించండి. అరగంట ఆగి, నీళ్ళు నిలిచిన ప్రతిచోటా సుద్దతో గీత గీసి, అక్కడ వాటం సరిచేయించాకే టైల్ మేస్త్రీని రమ్మనండి.