వాతావరణ ఒప్పందాలు: పీటముడి ఎక్కడ?

ఐరాస వాతావరణ మార్పుల ఒడంబడికపై 1992లో రియో ధరిత్రీ సదస్సులో సంతకాలు జరిగాయి. 1994లో అమల్లోకి వచ్చింది. దాని సభ్యదేశాల వార్షిక సదస్సే కాప్. ఓటింగ్ నిబంధనపై ఇక్కడ నేటికీ అంగీకారం కుదరలేదు. దాంతో కీలక నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరగాలి. ఉన్నవి దాదాపు 200 పక్షాలు. కొన్ని మొండికేసినా ముసాయిదా నీరుగారిపోతుంది.

క్యోటో ప్రోటోకాల్ (1997) సంపన్న దేశాలకే ఉద్గారాల కోత విధించింది. అమెరికా దాన్ని ధ్రువీకరించలేదు. పారిస్ ఒప్పందం (2015) ప్రకారం లక్ష్యాలు ఎవరికి వారే పెట్టుకుంటారు, తప్పితే శిక్ష లేదు.

అసలు పేచీ డబ్బు దగ్గరే. వర్ధమాన దేశాల వాతావరణ చర్యలకు 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చాయి. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లోనే అది 2022లో గానీ నెరవేరలేదు. ఇంత ఆలస్యం చేసినవారిని పేద దేశాలు ఎలా నమ్ముతాయి? 2024 నవంబరులో బాకులో జరిగిన కాప్-29లో వర్ధమాన దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు కోరితే, 2035 కల్లా ఏటా 30,000 కోట్ల డాలర్ల లక్ష్యంతో సరిపెట్టారు. భారత్‌కు మాట్లాడే అవకాశం ఇవ్వకముందే అధ్యక్షస్థానం సుత్తి కొట్టి ఆమోదం ప్రకటించడాన్ని మన ప్రతినిధి చాందినీ రైనా సభలోనే తప్పుపట్టారు. న్యాయమైన అభ్యంతరమది.